కరెంటు వచ్చాక రెండు నిమిషాలు ఆగి మోటారు బటన్ నొక్కే టైమర్: సమగ్ర మార్గదర్శి

కవిటి, సోంపేట వైపు గాలివాన పట్టుకుంటే కరెంటు పోవడం ఒకలా, తిరిగి రావడం ఇంకోలా ఉంటుంది. వస్తుంది, రెండు సెకన్లలో పోతుంది, మళ్లీ వస్తుంది. నిలదొక్కుకున్నాక కూడా కాసేపు వోల్టేజీ నేలచూపులే చూస్తుంది, ఎందుకంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న ఫ్రిజ్‌లు, ఇన్వర్టర్లు, మోటార్లు అన్నీ ఒకేసారి లాగుతుంటాయి. సరిగ్గా ఆ సమయంలో బోరు మోటారు ఆన్ చేస్తే వైండింగ్‌కు చేటు. దీనికి తోడు ఇంకో ఇబ్బంది ఉంది. పైపులోని నీళ్లు కిందకు జారుతున్నప్పుడు, అడుగున వాల్వు సరిగా మూసుకోకపోతే, పంపు వెనక్కి తిరుగుతుంటుంది. అది ఆగకముందే ముందుకు తిప్పితే షాఫ్టు మీద దెబ్బ పడుతుంది.

మనకు కావాల్సిన సర్క్యూట్ చేసే పని చిన్నదే. కరెంటు వచ్చిన క్షణం నుంచి రెండు నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత స్టార్టర్‌లోని పచ్చ బటన్‌ను ఒకటిన్నర సెకను నొక్కి వదిలేయాలి. మళ్లీ కరెంటు పోయి వచ్చేదాకా దాని జోలికి పోకూడదు. మధ్యలో కరెంటు పోతే లెక్క మొదటి నుంచి మొదలవ్వాలి.

ముందు దేనికి తగిలించవచ్చో, దేనికి తగిలించకూడదో

ఇది ఇంటి సింగిల్ ఫేజ్ మోటారుకు, అదీ పెట్టెలో 230 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టర్ (కాయిల్‌కు కరెంటు అందగానే లాగి మోటారు కరెంటును కలిపే పెద్ద స్విచ్) ఉంటేనే. అలాంటి పెట్టెలో పచ్చ బటన్ గుండా వెళ్లేది కాయిల్ కరెంటు మాత్రమే, అది ఆంపియర్‌లో చిన్న భాగం. కొన్ని చవక పెట్టెల్లో కాంటాక్టర్ ఉండదు. బటనే మోటారు కరెంటును, స్టార్టింగ్ కెపాసిటర్ కరెంటును మోస్తుంది. అక్కడ మన సర్క్యూట్‌లో బటన్ పని చేసే చిన్న రిలే (కరెంటుతో కదిలే స్విచ్) పెడితే కాంటాక్టులు అతుక్కుపోతాయి, స్టార్టింగ్ కెపాసిటర్ పేలుతుంది. మూత తీసి చూసి కాంటాక్టర్ ఉందని నిర్ధారించుకోకుండా ముందుకు వెళ్లవద్దు.

పొలంలోని త్రీఫేజ్ స్టార్టర్‌కు దీన్ని నేరుగా కలపకూడదు. ఆ స్టార్టర్ల కాయిల్ చాలావరకు రెండు ఫేజుల మధ్య 415 వోల్టులతో పనిచేస్తుంది. మన రిలే కాంటాక్టు 250 వోల్టులకే. పైగా ఒక ఫేజు రాకపోతే ఆ సంగతి ఈ సర్క్యూట్‌కు తెలియదు, మోటారు కాలిపోతుంది.

రెండు 555లు ఎందుకు చాలవు

ఈ పని అడిగితే చాలామంది గీసే బొమ్మ రెండు 555 టైమర్ ఐసీలది. మొదటిది 120 సెకన్లు ఆగుతుంది, అది దిగగానే రెండోది పల్స్ ఇస్తుంది. 1972లో మార్కెట్లోకి వచ్చిన ఈ ఐసీ నేటికీ సెకన్ల పనికి బంగారం లాంటిది. నిమిషాల పనికి వచ్చేసరికి తప్పు ఐసీది కాదు, దాని పక్కన పెట్టే పెద్ద ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్‌ది. లెక్క వేసి చూద్దాం.

555లో సమయం అంటే 1.1 × రెసిస్టెన్స్ × కెపాసిటెన్స్. 120 సెకన్లకు 470 మైక్రోఫారడ్ తీసుకుంటే రెసిస్టర్ సుమారు 232 కిలోఓమ్‌లు రావాలి. 12 వోల్టుల సప్లైలో కెపాసిటర్ 8 వోల్టులకు, అంటే మూడింట రెండు వంతులకు చేరినప్పుడు సమయం ముగుస్తుంది. ఆ చివరి ఘడియలో రెసిస్టర్ మీద మిగిలేది 4 వోల్టులే. అంటే కెపాసిటర్‌లోకి వెళ్తున్న కరెంటు 17 మైక్రోఆంపియర్లు. మామూలు ఎలక్ట్రోలైటిక్‌కు తయారీదారులు అనుమతించే లీకేజీ (నిండకుండా లోపలే కారిపోయే కరెంటు) హద్దు 0.01 × మైక్రోఫారడ్లు × వోల్టులు. 470 మైక్రోఫారడ్, 16 వోల్టుల కెపాసిటర్‌కు అది 75 మైక్రోఆంపియర్లు!

కొత్త సరుకులో అసలు లీకేజీ ఇంతకంటే చాలా తక్కువే ఉంటుంది, నిజమే. కానీ దుకాణంలో ఏళ్ల తరబడి పడి ఉన్నది, లేదా పాత టీవీ బోర్డు నుంచి ఊడదీసినది 17ను దాటడం పెద్ద వింత కాదు. దాటితే కెపాసిటర్ 8 వోల్టులకు ఎప్పటికీ చేరదు, పల్స్ ఎప్పటికీ రాదు. చేరినా మే నెల ఎండలో ఒక సమయం, డిసెంబరు తెల్లవారుజామున ఇంకో సమయం వస్తాయి. ఎలక్ట్రోలైటిక్ విలువే 20 శాతం అటూ ఇటూ ఉంటుందని కూడా మరవకండి.

అందుకే నిమిషాల ఆలస్యాన్ని కెపాసిటర్ నింపుతూ కొలవకూడదు, లెక్కపెట్టి కొలవాలి. సీడీ4060 ఐసీలో ఒక ఆసిలేటర్ (గడియారంలా క్రమంగా కొట్టుకునే భాగం), దాని వెనుక రెండేసి భాగించే 14 దశల కౌంటర్ ఉంటాయి. చిన్న పాలియెస్టర్ కెపాసిటర్‌తో ఆసిలేటర్ కొట్టుకుంటుంటే, 8192 కొట్టుళ్ల తర్వాత 14వ దశ పైకి లేస్తుంది. ఆ లేచిన అంచుతో 555ను తట్టి ఒకటిన్నర సెకను పల్స్ తీసుకుంటాం. ఎవరు చేయగల పని వారికి.

విలువల లెక్క

4060లో ఒక్కో కొట్టుడు 2.3 × టైమింగ్ రెసిస్టర్ × టైమింగ్ కెపాసిటర్. 120 సెకన్లను 8192తో భాగిస్తే 14.65 మిల్లీసెకన్లు. కెపాసిటర్ 0.1 మైక్రోఫారడ్ అయితే రెసిస్టర్ సుమారు 64 కిలోఓమ్‌లు. దీనికి 47 కిలోఓమ్‌ల రెసిస్టర్, దానితో సిరీస్‌లో 50 కిలోఓమ్‌ల ప్రీసెట్ (తిప్పి విలువ మార్చుకునే రెసిస్టర్) పెడదాం. ప్రీసెట్ ఒక చివర 89 సెకన్లు, ఇంకో చివర 183 సెకన్లు వస్తాయి. ఇంకా ఎక్కువ కావాలంటే కెపాసిటర్ 0.22 చేయండి, అంతా 2.2 రెట్లు అవుతుంది.

555 వైపు 150 కిలోఓమ్‌లు, 10 మైక్రోఫారడ్: 1.1 × 150000 × 0.00001 = 1.65 సెకన్లు. ఇక్కడా ఎలక్ట్రోలైటిక్ ఉంది కదా అంటారా? అదే పరీక్ష పెట్టండి. చివరి ఘడియ కరెంటు 27 మైక్రోఆంపియర్లు, 10 మైక్రోఫారడ్ 25 వోల్టుల కెపాసిటర్ లీకేజీ హద్దు 2.5. పదింతల తేడా ఉంది, నిశ్చింత. ఏ టైమర్ గీసినా ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూసే అలవాటు చేసుకోండి.

కొనాల్సినవి

ట్రాన్స్‌ఫార్మర్ 0–15 వోల్టులు, 500 మిల్లీఆంపియర్లది తీసుకోండి, 12 వోల్టులది వద్దు. లైను చివర ఇళ్లలో 170 వోల్టులకు పడితే 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ నుంచి బ్రిడ్జి దాటాక 11 వోల్టులే వస్తాయి. 7812 దానిలో ఇంకొంత తినేశాక రిలే లాగదు. 15 వోల్టులదైతే అదే 170 దగ్గర సుమారు 14 మిగులుతుంది. రాత్రివేళ 260కి లేస్తే సుమారు 23కు చేరుతుంది కాబట్టి ఫిల్టర్ కెపాసిటర్ 35 వోల్టులది కావాలి.

మిగతావి: 7812 రెగ్యులేటర్, 1ఎన్4007 డయోడ్లు ఐదు (నాలుగు బ్రిడ్జికి, ఒకటి రిలేకు), 1ఎన్4148 నాలుగు, సీడీ4060, ఎన్‌ఈ555, వాటి బేసులు, బీసీ547 ట్రాన్సిస్టర్లు రెండు, 12 వోల్టుల రిలే (కాయిల్ 400 ఓమ్‌లు, కాంటాక్టు 250 వోల్టులు ఏసీ, 7 ఆంపియర్లు), ఎల్ఈడీ ఒకటి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు 470 మైక్రోఫారడ్ 35 వోల్టులు ఒకటి, 47 ఒకటి, 10 ఒకటి, 1 ఒకటి, ఈ చివరి మూడూ 25 వోల్టులవి. పాలియెస్టర్ 0.1 మైక్రోఫారడ్ రెండు, సిరామిక్ 0.1 నాలుగు, 0.01 రెండు (ఒకటి పరీక్షకు). రెసిస్టర్లు పావు వాట్‌వి: 4.7 కిలోఓమ్‌లు ఒకటి, 10 కిలోఓమ్‌లు మూడు, 22 ఒకటి, 47 ఒకటి, 100 రెండు, 150 ఒకటి, 680 ఒకటి. 1 కిలోఓమ్ మాత్రం 1 వాట్‌ది ఒకటి. 50 కిలోఓమ్‌ల ప్రీసెట్. స్టార్టర్ వైపు 0.1 మైక్రోఫారడ్ 275 వోల్టుల ఏసీ ఎక్స్2 కెపాసిటర్, 100 ఓమ్‌ల అర వాట్ రెసిస్టర్, ఒక ఆన్-ఆఫ్ స్విచ్.

కెపాసిటర్లు, రిలే శ్రీకాకుళం, విజయనగరంలో టీవీ, ఇన్వర్టర్ బాగుచేసే వాళ్లు వాడే దుకాణాల్లోనే అడగవచ్చు. 4060 అడిగితే 4017 చేతిలో పెడితే తీసుకోవద్దు, అది వేరే కౌంటర్, ఆసిలేటర్ ఉండదు.

కట్టే వరుస

1. సప్లై. ట్రాన్స్‌ఫార్మర్, బ్రిడ్జి, 470 మైక్రోఫారడ్, 7812, దాని ముందూ వెనుకా 0.1 సిరామిక్ ఒక్కొక్కటి. 470 కెపాసిటర్‌కు అడ్డంగా 1 కిలోఓమ్ రెసిస్టర్ కలపండి. ఇది దండగ కరెంటు కాదు. కరెంటు పోగానే సప్లైని త్వరగా ఖాళీ చేయడానికి. ఇది లేకుండా, పైగా 2200 మైక్రోఫారడ్ పెద్ద కెపాసిటర్ పెడితే, లైను రెండు సెకన్లు పోయి వచ్చినా ఐసీలకు తెలియదు. కాంటాక్టర్ ఊడిపోతుంది, టైమర్ మాత్రం నా పని అయిపోయిందని కూర్చుంటుంది. మనం పెట్టిన విలువలతో సుమారు ఒక సెకను దాటి పోతే లెక్క కొత్తగా మొదలవుతుంది. అంతకంటే తక్కువసేపు, తటాలున పోయి వచ్చే కరెంటుకు మోటారు ఆగే ఉంటుంది, చేత్తో ఆన్ చేసుకోవాలి. తప్పు జరిగినా ఆగిపోయే వైపే జరగడం ఇలాంటి చోట మేలు.

ఐసీలు పెట్టకముందే 12 వోల్టులు వచ్చాయో లేదో మీటర్‌తో చూడండి.

2. ఆసిలేటర్. 4060లో 16వ పిన్ ప్లస్, 8వ పిన్ మైనస్, రెండింటి మధ్య పిన్నులకు ఆనుకునేలా 0.1 సిరామిక్. ఇప్పుడు మూడు భాగాలు కలిసే ఒక బిందువు తయారు చేయండి: 10వ పిన్ నుంచి 47 కిలోఓమ్‌లు, ప్రీసెట్ కలిపి, 9వ పిన్ నుంచి 0.1 పాలియెస్టర్, 11వ పిన్ నుంచి 680 కిలోఓమ్‌లు. మూడింటి రెండో చివరలు ఒకేచోట కలుస్తాయి. 9, 10 తారుమారైతే ఆసిలేటర్ కదలదు, ఎక్కువగా జరిగే పొరపాటు ఇదే.

3. రీసెట్. 12వ పిన్ నుంచి ప్లస్‌కు 1 మైక్రోఫారడ్ (ప్లస్ కాలు సప్లై వైపు), 12వ పిన్ నుంచి మైనస్‌కు 100 కిలోఓమ్‌లు. ఆ రెసిస్టర్‌కు అడ్డంగా 1ఎన్4148, గీత ఉన్న చివర 12వ పిన్ వైపు. కరెంటు రాగానే ఈ పిన్ కాసేపు పైకి ఉండి కౌంటర్‌ను సున్నా చేస్తుంది. ఇది లేకపోతే కౌంటర్ ఏ అంకె దగ్గర నిద్ర లేస్తుందో దానికే తెలియదు.

4. ఆపు. 14వ దశ బయటకు వచ్చేది 3వ పిన్‌లో. అక్కడి నుంచి 11వ పిన్‌కు ఒక 1ఎన్4148, గీత 11వ పిన్ వైపు. 3వ పిన్ పైకి లేవగానే ఆసిలేటర్ గొంతు నొక్కుతుంది, కౌంటర్ అక్కడే ఆగిపోతుంది. ఈ డయోడ్ మరిచిపోతే ప్రతి నాలుగు నిమిషాలకోసారి పల్స్ వస్తూనే ఉంటుంది. ఎర్ర బటన్‌తో ఆపిన మోటారు దానంతట అది తిరుగుతుంది.

5. అంచును తిప్పడం. 555 కిందకు దిగే అంచుకే స్పందిస్తుంది, మనకు వచ్చేది పైకి లేచేది. 3వ పిన్ నుంచి 22 కిలోఓమ్‌ల ద్వారా మొదటి బీసీ547 బేస్‌కు, ఎమిటర్ మైనస్‌కు, కలెక్టర్ 10 కిలోఓమ్‌ల ద్వారా ప్లస్‌కు. కలెక్టర్ నుంచి రెండో పాలియెస్టర్ 0.1 గుండా 555 రెండో పిన్‌కు. ఆ రెండో పిన్ నుంచి ప్లస్‌కు 10 కిలోఓమ్‌లు, దానికి అడ్డంగా 1ఎన్4148, గీత ప్లస్ వైపు. కెపాసిటర్ వద్దని నేరుగా కలిపితే రెండో పిన్ కిందే ఉండిపోతుంది, పల్స్ ముగియదు, రిలే పట్టుకునే ఉంటుంది.

6. పల్స్. 555లో 8 ప్లస్, 1 మైనస్, పక్కనే 0.1 సిరామిక్. 6, 7 కలిపి అక్కడి నుంచి ప్లస్‌కు 150 కిలోఓమ్‌లు, మైనస్‌కు 10 మైక్రోఫారడ్. 5 నుంచి మైనస్‌కు 0.01. నాలుగో పిన్‌ను నేరుగా ప్లస్‌కు కలపవద్దు. దానికి 100 కిలోఓమ్‌లు ప్లస్‌కు, 47 మైక్రోఫారడ్ మైనస్‌కు, రెసిస్టర్‌కు అడ్డంగా 1ఎన్4148 గీత ప్లస్ వైపు.

ఇంత పెద్ద 47 ఎందుకంటే, 555 నాలుగో పిన్ విడుదలయ్యేది సుమారు 0.7 వోల్టుల దగ్గరే. రెసిస్టర్, కెపాసిటర్ గుణిస్తే 4.7 సెకన్లు వస్తుంది కానీ, 12లో 0.7 చేరడానికి పట్టేది 0.28 సెకన్లు మాత్రమే. 1 మైక్రోఫారడ్ పెడితే 6 మిల్లీసెకన్లే వస్తుంది. 4060 రీసెట్‌కు పదో వంతు సెకను కావాలి కాబట్టి అది చాలదు, కరెంటు రాగానే ఒక దొంగ పల్స్ పడుతుంది.

7. రిలే. 555 మూడో పిన్ నుంచి 4.7 కిలోఓమ్‌ల ద్వారా రెండో బీసీ547 బేస్‌కు, ఎమిటర్ మైనస్‌కు, కలెక్టర్‌కు రిలే కాయిల్, కాయిల్ రెండో చివర ప్లస్‌కు. కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007, గీత ప్లస్ వైపు. రిలే 30 మిల్లీఆంపియర్లు లాగుతుంది, ఈ ట్రాన్సిస్టర్‌కు అది తేలిక.

పరీక్ష, సమయం సరిచేయడం

రెండేసి నిమిషాలు ఆగుతూ పరీక్షిస్తే ఓపిక నశిస్తుంది. టైమింగ్ కెపాసిటర్ స్థానంలో తాత్కాలికంగా 0.01 పెట్టండి, ఆలస్యం 12 సెకన్లు అవుతుంది. కరెంటు ఇచ్చాక 12 సెకన్లకు రిలే టక్కుమనాలి, ఒకటిన్నర సెకనుకు మళ్లీ టక్కుమని వదిలేయాలి, ఆ తర్వాత ఎంతసేపు ఉంచినా మూగగా ఉండాలి. ఇది పదిసార్లు వరసగా జరిగితేనే 0.1 తిరిగి పెట్టండి.

సరిచేయడానికి 4060 ఆరో పిన్ నుంచి 10 కిలోఓమ్‌లు, ఎల్ఈడీ మైనస్‌కు కలపండి. అది ఏడో దశ. 64 కొట్టుళ్లు వెలిగి, 64 ఆరుతుంది. రెండు నిమిషాల ఆలస్యానికి ఒక వెలుగు-ఆరు 1.875 సెకన్లు ఉండాలి. అంటే ఫోన్ స్టాప్‌వాచ్‌లో 16 మిణుకులకు సరిగ్గా 30 సెకన్లు. అంతవరకు ప్రీసెట్ తిప్పండి. ఎల్ఈడీని అలాగే ఉంచేయండి. మిణుకుతుంటే టైమర్ లెక్కపెడుతోందని, ఆగిపోతే పని అయిందని ఇంట్లో వాళ్లకు తెలుస్తుంది.

స్టార్టర్‌కు కలపడం

ఈ భాగం 230 వోల్టులతో పని. మెయిన్ ఆపి, టెస్టర్‌తోనే కాక మీటర్‌తో కూడా చూసి, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేత చేయించండి. మోటారు లైనులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు భూమికి లీకైతే లైను తెంచే స్విచ్), పనిచేసే ఎర్త్ ఉండాలి.

రిలే కామన్, నార్మల్లీ ఓపెన్ కాంటాక్టుల నుంచి రెండు వైర్లు పచ్చ బటన్ రెండు టెర్మినళ్లకు సమాంతరంగా వెళ్తాయి. ఆ రెండింట్లో ఒకదాని మధ్య ఆన్-ఆఫ్ స్విచ్, మీద "ఆటో" అని రాయండి. ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ (నీరు నిండితే తెగే స్విచ్) ఉంటే దాన్ని కాంటాక్టర్ కాయిల్‌కు వెళ్లే వైరుతో సిరీస్‌లో ఉంచాలి. అప్పుడు ట్యాంకు నిండి ఉన్నప్పుడు పల్స్ వచ్చినా కాంటాక్టర్ లాగదు. ఫ్లోట్ లేని ఇంట్లో, వేసవిలో నీరు అడుగంటే బోరుకు డ్రై రన్ రక్షణ (నీరు లేకుండా తిరిగితే మోటారును ఆపేది) లేనిచోట ఆటో స్విచ్ వేయవద్దు.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో "కరెంటు వస్తే మోటారు దానంతట అదే తిరుగుతుంది" అని రాసి అతికించండి. నూతిలో దిగేవాళ్లు, పైపు విప్పేవాళ్లు ఎర్ర బటన్ నొక్కి సరిపెట్టకూడదు, మెయిన్ ఎంసీబీ దించాలి.

ఏం తేడా వస్తుంది, ఎందుకు

ఎర్ర బటన్ నొక్కి వదలగానే మోటారు మళ్లీ తిరిగితే, కాంటాక్టర్ కాయిల్ వదిలేటప్పుడు పుట్టే వోల్టేజీ ముల్లు 555 రెండో పిన్‌ను తడుతోందన్నమాట. 100 ఓమ్‌లు, ఎక్స్2 కెపాసిటర్ సిరీస్‌లో కలిపి కాంటాక్టర్ కాయిల్‌కు అడ్డంగా పెట్టండి. రిలే కాంటాక్టుకు అడ్డంగా కాదు. రెండో పిన్ మీద 10 కిలోఓమ్‌ల బదులు 100 పెట్టి ఉంటే మార్చండి. బోర్డును స్టార్టర్ పెట్టెలోనే ఇరికించకుండా వేరే పెట్టెలో, ఒక అడుగు ఎడంగా ఉంచండి.

ఎల్ఈడీ మిణుకుతోంది, రెండు నిమిషాలకు ఆగింది, రిలే మాత్రం కదల్లేదంటే నాలుగో పిన్ వోల్టేజీ చూడండి. 12కు దగ్గరగా లేకపోతే అక్కడి 47 మైక్రోఫారడ్ లీకవుతోంది. సరిగా ఉంటే మొదటి ట్రాన్సిస్టర్ కాళ్ల వరుస చూడండి. బీసీ547 చదును ముఖం మీ వైపు, కాళ్లు కిందకు పెడితే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్.

రిలే టక్కుమంది, కాంటాక్టర్ లాగి వదిలేసిందంటే తప్పు టైమర్‌ది కాదు. కాంటాక్టర్‌ను పట్టి ఉంచే సహాయక కాంటాక్టు అరిగింది, లేదా లైన్ వోల్టేజీ మరీ తక్కువ. ఓపిక పట్టలేక పల్స్‌ను పది సెకన్లకు పెంచవద్దు, తక్కువ వోల్టేజీలో మోటారును బలవంతంగా నిలబెట్టినట్టే.

సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, బారువ నుంచి కళింగపట్నం, పూసపాటిరేగ దాకా, ఉప్పు తేమ బోర్డు మీద పలచని పొరలా పట్టి పిన్నుల మధ్య కరెంటును పాకిస్తుంది. టంకం పెట్టాక మిగిలిన ఫ్లక్స్ దాన్ని ఇంకా పట్టి ఉంచుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది కడిగి, ఎండలో ఆరబెట్టి, బోర్డు రెండు వైపులా పీసీబీ వార్నిష్ కొట్టండి. ప్రీసెట్, రిలే, ఐసీ బేసుల మీద ముందే టేపు అంటించండి, వార్నిష్ లోపలికి పోతే కాంటాక్టు పోతుంది. వైర్లు పెట్టె అడుగు నుంచే లోపలికి రావాలి, గ్లాండ్ బిగించాలి. బల్లి దూరేంత సందు ఉంటే అది రిలే టెర్మినళ్ల మధ్యే చేరుతుంది, చీమలు సరేసరి. ఏటా తుఫాన్ల కాలానికి ముందు, సెప్టెంబరులో ఒకసారి మూత తీసి దుమ్ము దులిపి, 16 మిణుకులు 30 సెకన్లకు వస్తున్నాయో లేదో చూడండి.

ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద నాలుగైదు ఇళ్లవాళ్లు ఇది పెట్టుకుంటుంటే అందరూ రెండు నిమిషాలకే పెట్టుకోవద్దు. ఒకరు 90 సెకన్లు, పక్కవారు 110, తర్వాతివారు 130, ఆపై 150, చివరి వారు 170, ఇలా పంచుకుని ఎవరి పెట్టె మీద వారి అంకె రాసుకోండి.